ముందు పుట్టిన కాయితం

పాస్‌పోర్టుల గురించి రాయమని పత్రికవాళ్లు అడిగినప్పుడు నేను సికింద్రాబాద్‌లోని ప్రాంతీయ కార్యాలయానికి వెళ్తాననుకున్నారు. నేను అయిజ బస్సెక్కాను. అక్కడ బడిపంతులుగా పనిచేస్తున్న స్నేహితుడు ఒకాయన చాన్నాళ్లుగా పిలుస్తున్నాడు: "పాస్‌పోర్టు కష్టం ఏందో తెలియాలంటే మా సారు దుకాణంలో ఒక పూట కూర్చో."

దుకాణమంటే చిన్న షట్టరు గది. బల్ల మీద కంప్యూటరు, పక్కన జిరాక్సు మిషను, గోడకు ఆనించి ప్లాస్టిక్ కుర్చీలు. ఇలాంటి ఆన్‌లైన్ సెంటర్లు ఏ మండల కేంద్రంలోనైనా ఉంటాయి. ఇక్కడ కూర్చునే మనిషి వేరు. ఒకప్పుడు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాడు, ఇప్పుడు అరవై దాకా ఉంటాయి. పాస్‌పోర్టు పని మీద ఎవరొచ్చినా ముందు కంప్యూటరు జోలికి పోడు. అట్ట వేసిన పొడుగాటి నోటుబుక్కు తెరుస్తాడు, కలం మూత తీస్తాడు, "నీ పేరు చెప్పు నాయనా" అంటాడు.

నేను వెళ్లేసరికి ఒక తల్లీ కొడుకూ వచ్చి ఉన్నారు. కుర్రాడు జేబులోంచి ఆధార్ కార్డు తీయబోతే సారు చెయ్యి అడ్డం పెట్టాడు. "కార్డు వద్దు. నోటితో చెప్పు. మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తది?"

కుర్రాడు చెప్పాడు. అయిజలో తిక్క వీరేశ్వర స్వామి గుడి ఉంది, జాతర జరుగుతుంది. ఆ స్వామి పేరు పెట్టుకున్న పిల్లలు చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది. ఇతనూ అందులో ఒకడు. తండ్రి పేరు తల్లి చెప్పింది. ఊరు, పుట్టిన ఏడు, బడిలో చేరిన ఏడు కూడా ఆమే చెప్పింది. సారు అన్నీ తెలుగులో రాసుకున్నాడు. అప్పుడడిగాడు: "ఇప్పుడు కాయితాలు తీయి. ఏది ముందు పుట్టింది?"

అన్నిటికన్నా ముందు పుట్టింది టెన్త్ మెమో. దాని తర్వాత ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, ఓటరు కార్డు. వయసు వరసలో అవన్నీ బల్ల మీద పరిచాడు. చెక్క స్కేలు ఒకటి తీసి ఒక్కో పేరు కింద పెట్టాడు. ఎడమచేతి బొటనవేలి గోరును అక్షరం మీద ఆనించి, ఒక్కో అక్షరం పైకి చదువుతూ జరిపాడు. గోరు ఒకచోట ఆగింది. మెమోలో 'వీ'కి రెండు 'ఈ'లు ఉన్నాయి. ఆధార్‌లో ఒక్క 'ఐ' ఉంది. ఓటరు కార్డులో పేరు చివర ఒక 'ఎ' ఎక్కువైంది. తండ్రి పేరు మెమోలో 'అప్ప'తో ముగిస్తే ఆధార్‌లో 'అన్న'తో ముగిసింది. తెలుగులో రాసుకున్న పేరు మాత్రం ఒక్కటే. ఆ పేరు పక్కన ఇంగ్లిషు రూపాలన్నీ ఒకదాని కింద ఒకటి రాశాడు. ఆ గోరు ఆగే తీరు నేను చాలాసేపు చూశాను. సాఫ్ట్‌వేర్ చేసే పనిలా కనిపిస్తుంది గానీ, ఏ రూపాన్ని నిలబెట్టాలో, దేన్ని మార్చాలో తేల్చడానికి మనిషి చరిత్ర తెలియాలి. అందుకే ఆయన ముందు అమ్మను అడుగుతాడు.

ముందు పుట్టిన కాయితాన్ని నమ్మడం వెనక లెక్క ఉంది. టెన్త్ మెమోలో మార్పు చేయించడం మహా కష్టం. ఆధార్‌లో మార్చొచ్చు, కానీ దానికీ హద్దులున్నాయి. పేరు మార్చుకోవడానికి మామూలుగా జీవితంలో రెండుసార్లే అవకాశం, పుట్టిన తేదీకి ఒక్కసారే. "తప్పు దిద్దేటప్పుడు ఇంకో తప్పు చేస్తే ఇక దిక్కుండదప్పా" అన్నాడు సారు. ఒక కుర్రాడి ఆధార్‌ను ఎవరో తొందరలో మెమోకు సరిపోకుండా దిద్ది, మళ్లీ దిద్ది, రెండు అవకాశాలూ తినేశారట. ఆ ఫైలు చూపించేటప్పుడు ఆయన గొంతులో కోపం నాకు స్పష్టంగా వినిపించింది.

తర్వాత ఇంటిపేరు దగ్గర చిక్కు వచ్చింది. నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ నేలలో, చాలామందికి ఇంటిపేరు స్థానంలో కులం పేరే నిలిచిపోయింది. బోయ, కురువ, ఈడిగ అంటూ బడిలో పేరు ముందు రాసిందే ఆధార్‌కూ ఎక్కింది. ఇంట్లో అసలు ఇంటిపేరు వేరే ఉంటుంది, పెళ్లి పత్రికల్లో తప్ప ఎక్కడా కనిపించదు. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేయొచ్చని నిబంధన ఉంది. వదిలేస్తే విమానాశ్రయంలో చిక్కు. 2022 నవంబరులో యూఏఈ, విజిట్ వీసా మీద వచ్చేవాళ్ల పాస్‌పోర్టులో ఒంటిపేరు ఉంటే రానివ్వమంది. తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని సడలించింది. ఈ కుర్రాడి మెమోలో కులం పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. పొడి అక్షరాన్ని విప్పి రాస్తే కులమే ఇంటిపేరై దుబాయ్ దాకా వెంట వెళ్తుంది. సారు అతన్ని సూటిగా అడిగాడు: "ఇది నీ పేరులో ఉండాల్నా?" కుర్రాడు కాసేపు ఆలోచించి, "తీసేస్తే లేటవుతదా సార్?" అన్నాడు. అవుతుంది. అఫిడవిట్టు కావాలి, పత్రికల్లో ప్రకటనలు కావాలి. "అట్లయితే ఉండనీ సార్" అన్నాడు. బడిలో చేర్చుకున్న రోజు ఎవరో అడగకుండా రాసిన మాటను వద్దనుకునే హక్కు ఈ పిల్లవాడికి ఉంది. ఆ హక్కును వాడుకునేంత వ్యవధి మాత్రం లేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

ఊరి పేరు కూడా ఒక్క తీరున లేదు. ప్రభుత్వ జాబితాల్లో అయిజను ఇంగ్లిషులో 'ఐ ఈ ఈ జె ఎ' అని రాస్తారు. బస్సుల మీద, దుకాణాల బోర్డుల మీద మరో రెండు మూడు రకాలుగా రాస్తారు. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది. అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లా, 2014 జూన్ 2కు ముందు ఆంధ్రప్రదేశ్. ఒకే ఇంట్లో పుట్టి అక్కడే పెరిగిన మనిషి కాయితాల్లో జిల్లాలు, రాష్ట్రాలు మారిపోయాయి. ఎక్కడ పాతది రాయాలో, ఎక్కడ కొత్తది రాయాలో సారు తన పుస్తకం చివరి పేజీల్లో రాసి పెట్టుకున్నాడు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2016 డిసెంబరులో నిబంధనలు బాగా తేలికపరిచారు. అంతకుముందు 1989 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు జనన ధ్రువపత్రం తప్పకుండా పెట్టాల్సి వచ్చేది. అప్పటినుంచి టీసీ, టెన్త్ మెమో, పాన్ వంటివి కూడా పుట్టిన తేదీకి చెల్లుతున్నాయి. జత చేయాల్సిన అనుబంధ పత్రాలు పదిహేను నుంచి తొమ్మిదికి తగ్గాయి. నోటరీ అక్కర్లేదు, తెల్లకాగితం మీద సొంత వాంగ్మూలం చాలన్నారు. 2017 జనవరిలో మైసూరు, దాహోద్‌లలో మొదలుపెట్టి పోస్టాఫీసుల్లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు తెరిచారు. అలా మహబూబ్‌నగర్‌కూ ఒకటి వచ్చింది. 2018 జూన్ నుంచి చిరునామా ఏ రాష్ట్రానిదైనా దేశంలో ఎక్కడైనా దరఖాస్తు పెట్టొచ్చు. అయిజ వాళ్లకు కర్నూలు దగ్గర కాబట్టి చాలామంది తుంగభద్ర దాటి అక్కడికే పోతున్నారు. ఇవన్నీ మంచి పనులు. కానీ ఈ మంచి పనుల కబురు అయిజకు చేరవేసే మనిషిని ప్రభుత్వం పెట్టలేదు. ఆ తల్లి సంచిలో స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన అఫిడవిట్టు ఒకటి ఉంది. ఎక్కడో ఎవరో చెప్పి రాయించి డబ్బు తీసుకున్నారు. దాని అవసరమే లేదు. సారు దాన్ని మడిచి ఆమెకు తిరిగి ఇస్తూ, "మామూలు పాస్‌పోర్టుకు గవర్నమెంటు ఫీజు పదిహేను వందలు. తత్కాల్ అయితే ఇంకో రెండు వేలు. ఆపైన ఎవరడిగినా నా దగ్గరికి రా అమ్మా" అన్నాడు.

ఆ తల్లి ఎవరితోనూ అనకుండా తనలో తాను అనుకున్న మాట నా చెవిన పడింది: "వాళ్ల నాయన బొంబాయి పోయినప్పుడు మేస్త్రీ పేరు చెప్తే సాలు."

నిజమే. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలు దేశమంతా తిరిగి ప్రాజెక్టులు, కాలువలు, రోడ్లు కట్టారు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సే వాళ్ల కాయితం. ఆ పద్ధతిలో ఉన్న వెట్టిని నేను మెచ్చుకోవడం లేదు. ఏ కాయితమూ లేకపోబట్టే వాళ్లను అంతగా దోచుకోగలిగారు. కొడుకు చేతికి కాయితం రావడం మంచిదే. అయితే ఆ కాయితంలోనూ రెండు రకాలున్నాయి. పదో తరగతి పాసైతే ఒక రకం, కాకపోతే ఇంకో రకం. పాసు కానివాళ్లలో చాలామంది పాస్‌పోర్టు మీద వలస తనిఖీ అవసరమని ముద్ర పడుతుంది. 1983 వలస చట్టం కింద, గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే వాళ్లు ముందుగా అనుమతి తీసుకోవాలి. మోసపోకుండా కాపాడటానికే ఆ నియమం పెట్టారు. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని కూడా నియమం ఉంది. ఆ తనిఖీ తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపించే దొంగ ఏజెంట్లకు చిక్కేదీ ఈ ముద్ర ఉన్నవాళ్లే.

ఈ మండలంలో పదో తరగతి ఎందుకు ఆగిపోతుందో పొలాల్లోకి వెళ్తే తెలుస్తుంది. గద్వాల జిల్లా సీడు పత్తికి పేరు పడ్డ జిల్లా. సాయంత్రం పూట ఆడ మొక్క మొగ్గ విప్పి లోపలి పుప్పొడి కాడలు గిల్లేస్తారు. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. పొట్టి మొక్కలు, సన్నటి మొగ్గలు. అందుకని పిల్లల వేళ్లు కావాలన్నారు. బడి నడిచే నెలల్లోనే ఈ పని పడుతుంది. ఎన్నో ఏళ్లు స్వచ్ఛంద సంస్థలూ పత్రికలూ దీని మీద మొత్తుకున్నాయి, కొంత తగ్గింది కూడా. అప్పుడు మొగ్గలు గిల్లినవాళ్లే ఇప్పుడు ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నారు. పాస్‌పోర్టు కావాలని వస్తున్నది వాళ్లే. సారు నోటుబుక్కులో వాళ్ల పేర్ల పక్కన 'ఏడు', 'ఎనిమిది' అని ఉంటుంది. చదువు అక్కడ ఆగింది.

మెమో లేనివాళ్ల కోసం సారు బడికి పోతాడు. ఆ మధ్యాహ్నం నన్నూ తీసుకుపోయాడు. ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల. హెడ్‌మాస్టరు ఇనుప బీరువా తీసి అడ్మిషన్ రిజిస్టర్లు కిందికి దించింది. గుడ్డ అట్ట, అంచులు చెదలు తిన్నవి. పాత పేజీల్లో ఒక పంతులుగారి చేతిరాత ఉంది. క్రమ సంఖ్య, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, చేరిన తరగతి, వెళ్లిన రోజు, వెళ్లిన కారణం రాశారు. కారణం గడిలో ఆయన 'వలస' అని రాసి ఊరుకోలేదు, ఎటు వెళ్లారో కూడా రాశారు. కొట్టివేత ఉన్న ప్రతిచోటా పక్కన పొట్టి సంతకం. ఆ పేజీలు వేలితో తాకుతుంటే నాకు గౌరవం కలిగింది. కొన్నేళ్ల తర్వాతి పేజీల్లో పిల్లలంతా వరసగా జూన్ నెలలోనే పుట్టారు. బడిలో చేరే వయసు సరిపోయేలా ఎవరో కూర్చుని తేదీలు వేశారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ తేదీనే మనిషి జీవితమంతా మోయాలి.

2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు ఇక జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుందని 2025లో పాస్‌పోర్టు నిబంధనలు మార్చారు. ఆ పిల్లలకు రిజిస్టరుతో పని ఉండదు. వాళ్లకన్నా ముందు పుట్టినవాళ్లకు, ముఖ్యంగా మెమో లేనివాళ్లకు, ఇంకా ముప్పై నలభై ఏళ్లు ఈ రిజిస్టరే ఆధారం. చిప్ పెట్టిన ఈ-పాస్‌పోర్టులు ఇస్తున్న దేశంలో, ఆ చిప్‌లోకి వెళ్లే పుట్టిన తేదీ చెదలు తిన్న రిజిస్టరులో ఉంది. బడి మూతపడితే ఈ పుస్తకం ఎటు పోవాలో ఆ హెడ్‌మాస్టరుకు చెప్పినవాళ్లు లేరు.

పాస్‌పోర్టును దయగా ఇచ్చే కాలం పోయి చాలా ఏళ్లయింది. 1967లో సుప్రీంకోర్టు సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో తీర్పు చెప్పాకే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. 1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో, విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, ఆ స్వేచ్ఛను అడ్డుకునే పద్ధతి న్యాయంగా ఉండాలని తేల్చారు. ఒక పంతులు మరో లోకంలో ఉండి రాసిన అక్షరానికి, ఆధార్ క్యాంపులో పరధ్యానంగా కొట్టిన అక్షరానికి కూలీ బిడ్డ చేత జరిమానా కట్టించడం న్యాయమైన పద్ధతి అవుతుందా? తప్పు రాసింది ప్రభుత్వం తరఫున కూర్చున్న మనిషి. దిద్దించుకునే ఖర్చు, పోయిన రోజుల కూలి, కర్నూలు బస్సు చార్జీ మాత్రం రాయించుకున్నవాడివి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. సారు లాంటివాళ్లు ప్రతి మండలంలోనూ ఉండరు, ఉన్నచోట కూడా వాళ్ల తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియదు. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు ఫారం చకచకా నింపేస్తాడు గానీ, స్కేలు పట్టుకుని మెమో చదవమంటే అంత ఓపిక లేదు.

సాయంత్రం తిరిగొచ్చాక సారు ఒక అర్జీ చూపించాడు. సోమవారం గద్వాల ప్రజావాణిలో ఇవ్వడానికి రాసుకున్నది. అందులో మూడే అడిగాడు. జిల్లాలోని అన్ని బడుల అడ్మిషన్ రిజిస్టర్లు, మూసేసిన బడులవి కూడా, స్కాన్ చేసి మండల విద్యాధికారి దగ్గర ఉంచాలి. ప్రభుత్వ సిబ్బంది రాతలో పడ్డ తప్పులకు దిద్దుబాటు రుసుము తీసుకోకూడదు. నెలకోసారి అయిజలోనే ఒక రోజు, ఆధార్ దిద్దే మనిషి, బడి రికార్డు ఇచ్చే మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. కింద ఊళ్లోవాళ్ల సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. పొద్దున వచ్చిన తల్లిది కూడా ఉంది. ఊరికి చెందనివాళ్లు సంతకం పెట్టొచ్చా అని అడిగాను. పెట్టొచ్చన్నాడు. పెట్టాను.