ముట్టినట్టు సంతకం

మా తాత మోటబొక్కెనలు కుట్టెటోడు. ఊరి పొలాలు ఆ తోలుబొక్కెన నీళ్ళతోనే పండేవి. బొక్కెన ఊరి బాయిలో మునగొచ్చు, కుట్టిన మా తాత ఆ బాయి గట్టెక్కొద్దు. తోలు పగలకుండ కానుగనూనె పట్టించెటోడు. పట్టించే ముందు రెండు చుక్కలు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూసెటోడు. ముక్కిపోయి జిగురు కట్టిన నూనెను పక్కకు పెట్టెటోడు. మా ఇంట్ల నూనె పరీక్ష అట్ల మొదలైంది.

కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయినయి. తాత పని పోయింది. ఆ కరెంటు పుట్టే కాడికే మా నాయిన కూలికి పోయిండు. థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు కూలీ. టర్బైన్ హాల్లో కారిన నూనెను పాతగుడ్డలతో తుడిచే పని. కాంట్రాక్టరు సగం కూలి చేతిల పెట్టి మొత్తం ముట్టినట్టు వేలిముద్ర వేయించుకునేటోడు. "ముట్టనిదానికి ముట్టినట్టు ఏలేసిన బిడ్డా, నువ్వు అట్ల చెయ్యకు" అని నాయిన ఎన్నిసార్లన్నడో.

నేను బి.ఎస్సీ. చదివి, రిజర్వేషన్ మీద, అట్లాంటి ఒక కేంద్రంలోనే కెమిస్టుగా చేరిన. అది 1991. ఆ ఆగస్టులోనే చుండూరులో మనోళ్ళను నరికి చంపిన్రు. మండల్ గొడవల వేడి ఇంకా చల్లారలే. ల్యాబులో "మెరిట్" అన్న మాట రోజుకోసారన్నా వినబడేది. "రిజర్వేషనోళ్ళ చేతికి టర్బైన్లిస్తే దేశమంతా చీకటే" అని ఒకాయన నవ్వేటోడు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉండి, ఈ దేశపు కరెంటు విధానానికి పునాది వేసినోళ్ళలో అంబేడ్కర్ ఒకరని ఆయనకు తెలువదు. అప్పుడు నాకూ తెలువదు.

నాకు అప్పజెప్పింది టర్బైన్ నూనె. నిమిషానికి 3000 సార్లు తిరిగే ఆ ఇరుసు బేరింగు లోహం మీద ఆనదు. పలుచని నూనె పొర మీద తేలుతది. ట్యాంకులోని వేల లీటర్ల నూనె ఏండ్ల తరబడి అదే తిరుగుతుంటది. వేడి, గాలి, నీళ్ళు, ఇనుము రాగి రజను కలిసి దాన్ని చెడగొడతయి. నూనెలో ముందే కలిపిన మందు కొంతకాలం అడ్డుకుంటది. మందు అయిపోయినంక ఆమ్లం పెరుగుతది, తర్వాత జిగురు, ఆ జిగురే బేరింగు మీద గోధుమరంగు పూత.

సాంపిలు తీయడంలోనే సగం పని ఉంది. మిషను తిరుగుతుండగా, నూనె పారే గొట్టం నుంచి, ముందొచ్చేది కొంత వదిలేసి, కడిగి ఆరబెట్టిన సీసాలో పట్టాలె. ట్యాంకు అడుగున పడితే మడ్డి సంగతే తెలుస్తది. తూచిన నూనెను ద్రావకంలో కలిపి, రంగు సూచిక వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా వదలాలె. నారింజ రంగు ఆకుపచ్చకు తిరిగిన కాడ ఆపాలె. గ్రాము నూనెకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో అదే ఆసిడ్ నంబరు. కొత్త నూనె నంబరు కంటె 0.3, 0.4 పెరిగిందంటే ఇక ఆగొద్దు.

1996 వానాకాలం ఒక యూనిట్ నూనె నాకు నచ్చలే. రెండేండ్లు 0.10 కాడ కదలని నంబరు 0.16 అయింది, మరుసటి నెల 0.24, ఆ తర్వాత 0.42. పది లక్షల పాళ్ళలో నీళ్ళు 900 పాళ్ళు. గ్లాండ్ల కాడి ఆవిరి బేరింగు లోపలికి దూరుతుంది. నీళ్ళు తీసే సెంట్రిఫ్యూజు చెడిపోయి మూలకు పడి ఉంది. నా చొక్కా మీది మరక వాసన చూసి నాయిన "పుల్లగైంది గదరా" అన్నడు.

బయటి ల్యాబుకు బాంబు పరీక్షకు పంపిన. ఉక్కు పాత్రలో 50 గ్రాముల నూనె, 5 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక రాగి చుట్ట పెట్టి, ఆక్సిజన్ నింపి, 150 డిగ్రీల వేడిలో తిప్పుతరు. నూనె ఆక్సిజన్‌ను తాగి ఒత్తిడి పడిపోయే దాక ఎన్ని నిమిషాలు ఆగిందో లెక్క కడతరు. కొత్త నూనె ఆగినదాంట్లో నాలుగో వంతు కన్న తగ్గొద్దు. మాది ఐదో వంతుకు వచ్చింది.

పెద్ద ఇంజనీరు కాగితం పూర్తిగా చదవలే. "నీ లెక్క తప్పయి ఉంటుంది. వేరేవాళ్ళతో చేయించు" అన్నడు. పక్క టేబులు కెమిస్టు చేసిండు. నేను పోసిచ్చిన నీళ్ళ గ్లాసు ఎన్నడూ ముట్టనాయన నా నూనె సీసా ముట్టిండు. ఆయనకూ 0.42 వచ్చింది. అప్పుడు, "కొత్త నూనె నాలుగు డ్రమ్ములు పోస్తే సరిపోతుందిలే" అన్నడు. కొత్త నూనె పోస్తే నంబరు తగ్గుతది, పట్టిన జిగురు పోదు. అదే మాట రాసిన. మూడు రిపోర్టులు, ఒక్కోటి రెండు కాపీలు. రెండో కాపీ మీద ఆఫీసు గుమాస్తాతో "ముట్టినది" అని రాయించి, తేదీ వేయించి సంతకం తీసుకున్న. గుమాస్తా విసుక్కునేటోడు. నేను కదలకుండ నిలబడేటోణ్ణి.

దీపావళికి ముందు ఒక రాత్రి బేరింగు వేడి ఎక్కుతనే పోయింది. ఆపరేటరు మిషను ఆపిండు. విప్పి చూస్తే తెల్లలోహం రాసుకుపోయి ఉంది. మిగిలిన చోట గోధుమరంగు పూత. కూలరు గొట్టాలకూ అదే. ఆ రాత్రి బేరింగు పక్కన నూనె తుడుస్తున్నది ముగ్గురు కాంట్రాక్టు కూలీలు, మన వాడోళ్ళే. నూనె అంటుకుంటే మొదట కాలేది వాళ్ళు. ఆ మాట ఏ రిపోర్టులోనూ రాయలే, నేను కూడా రాయలే.

మూడో రోజు నాకు మెమో వచ్చింది. నూనె చెడిన సంగతి సకాలంలో తెలియజేయనందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని. మూడు కాపీలు జతచేసి జవాబిచ్చిన. ఆ మెమో సంగతి మళ్ళెవరూ ఎత్తలే. తప్పయిందని ఎవరూ అనలే. సెంట్రిఫ్యూజు మాత్రం బాగు చేయించిన్రు.

ఇంటికి పోయి నాయినకు ఆ కాపీలు చూపించిన. సంతకం యాడుందని అడిగిండు. వేలు పెట్టి చూపిస్తే దాన్ని చాలాసేపు చూసిండు. "నీది నిజంగ ముట్టింది బిడ్డా" అన్నడు.

నేను రిటైరయిన. ఆసిడ్ నంబరు చాలా ఆలస్యంగా పెరుగుతదని, మందు అయిపోయినంకనే కదులుతదని ఇప్పుడు అందరికీ తెలుసు. అంతకు ముందే జిగురును పట్టుకునే రంగు పరీక్షలు వచ్చినయి. ల్యాబుల్లో, ఆఫీసుల్లో చేరుతున్న మన పిల్లలు అవన్నీ నేర్చుకోవాలె. దాంతోపాటు రెండో కాపీ పెట్టుకోవాలె. మన మాట తప్పని తేల్చడానికి వాళ్ళకు నోరు చాలు. అది నిజమని చూపించడానికి మనకు కాగితం కావాలె.