కడప విమానాశ్రయం వాకిట

మొన్న వేసవిలో మా అత్తమ్మగారిని హైదరాబాదులో వైద్యునికి చూపించవలసి వచ్చింది. ఆమెకు నడుము నొప్పి. రాత్రంతా బస్సు కుదుపులు ఓర్చుకోలేరు. కనుక మా ఇంట మొదటిసారిగా విమానం టికెట్లు తీసుకున్నాము. పల్లె నుండి ఆటోలో వచ్చి కడప విమానాశ్రయం వాకిట దిగేసరికి, ఆ రోజు విమానం రద్దయిందన్నారు. డబ్బు తిరిగి ఇస్తామన్నారు. నడుము నొప్పికి ఆ డబ్బు ఏమి చేస్తుంది?

ప్రియ చదువరులారా, ఈ ఊరికి విమానం నిలవకపోవడం కొత్త కాదు. 2015 జూన్‌లో కొత్త భవనం తెరిచినప్పుడు ఎయిర్ పెగాసస్ బెంగళూరుకు నడిపింది. 2016 జూలైలో ఆ సంస్థే మూతపడింది. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద ట్రూజెట్ హైదరాబాదుకు నడిపింది. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది. మరుసటి నెలలో ఇండిగో వచ్చింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఇక్కడికి వచ్చేది డెబ్బై మందికి పైగా పట్టే చిన్న విమానం. ముప్పై మంది ఎక్కినా పైలట్ల జీతం, విమానం అద్దె తగ్గవు. ఇంధనమూ పెద్దగా మిగలదు. చిన్న సంస్థకు ఉండేవే కొద్ది విమానాలు. ఒకటి చెడితే బదులు పంపడానికి మరొకటి ఉండదు. ఉడాన్ మొదలైనప్పుడు దాదాపు సగం సీట్లకు గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలే తీసుకోవాలన్నారు. నష్టాన్ని ప్రభుత్వం మూడేళ్ళు పూడ్చేది. ఆ తరువాత? 2023లో కాగ్ నివేదిక చెప్పిన లెక్క చూడండి: మొదటి మూడు విడతలలో ఇచ్చిన 774 మార్గాలలో 371 మాత్రమే మొదలయ్యాయి. మూడేళ్ళు పూర్తి చేసినవి 112. ఆపైన నిలిచినవి 54.

తప్పంతా సంస్థలదే అనలేము. మా వాళ్ళకు రాత్రి బస్సే అనుకూలం. అన్నం తిని ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాదు. పని చూసుకుని మళ్ళీ రాత్రికి బయలుదేరవచ్చు, లాడ్జి ఖర్చు లేదు. మధ్యాహ్నపు విమానమైతే ఒక రోజు పోతుంది. కాస్త డబ్బున్నవారు 140 కిలోమీటర్ల దూరంలోని తిరుపతికి కారులో పోయి, అక్కడ ఎక్కువ విమానాలలో కావలసినది ఎంచుకుంటారు. ఇక ఒక్కసారి రద్దయితే, మాలాంటి వారు రెండోసారి నమ్మి టికెట్ తీయరు. సీట్లు ఇంకా ఖాళీ అవుతాయి.

ఆ రాత్రి బస్సులో కింది బెర్తు దొరికింది. గుంత వచ్చినప్పుడల్లా అత్తమ్మ మా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మళ్ళీ చూపించే తేదీ దగ్గరపడింది. విమానం చూద్దామా అని అడిగితే, "వద్దు నాయనా, బస్సుకే చెప్పండి. అదైతే వస్తుంది" అన్నారు.