అగ్నికొండ నోట్లో నీలిసరస్సు

బాలలూ! ఈత వచ్చిన పిల్లవాడు గట్టు కనిపిస్తే ఊరుకోలేడు. మా చిన్నతనంలో మేమూ అంతే. ఊరి బయట ఒక పెద్ద దిగుడుబావి ఉండేది. బడి వదలగానే పుస్తకాలు గట్టున పడేసి, ఒరమీది నుంచి దభీమని నీళ్లలోకి దూకేవాళ్లం.

మాలో ఒక కుర్రవాడు మా అందరికంటె మంచి ఈతగాడు. ఒక వేసవిలో అతను నెలరోజులు మేనమామగారి ఊళ్లో ఉండి వచ్చాడు. వచ్చినరోజే పరుగున బావికి వెళ్లి, తల కిందుగా దూకాడు. ఆ నెలరోజుల ఎండలకు నీరు ఎంతో దిగిపోయింది. ఆ సంగతి అతను చూసుకోలేదు. ప్రాణం దక్కింది గాని, మెడ ఎముక విరిగి కాళ్లూ చేతులూ పడిపోయాయి. మళ్లీ మంచం దిగలేదు.

ఈ సంగతి నాకు 2023 ఆగస్టులో, మన దేశానికి ఎంతో దూరాన, ఒక సరస్సు ఒడ్డున గుర్తుకు వచ్చింది.

మా అబ్బాయి అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో ఉంటాడు. ఆ రాష్ట్రంలోనే క్రేటర్ లేక్ అనే సరస్సు ఉన్నది. ఒకప్పుడు అక్కడ మజామా అనే అగ్నిపర్వతం ఉండేది. దాని ఎత్తు సుమారు 12,000 అడుగులు. ఇప్పటికి సుమారు 7,700 ఏళ్ల క్రితం అది భయంకరంగా పేలింది. లోపల కరిగి ఉన్న రాయి అంతా బయటికి పోయేసరికి, కింద ఆధారం లేక శిఖరం కూలిపోయింది. అక్కడ పెద్ద గుంట ఏర్పడింది. తరతరాలుగా కురిసిన వానా, మంచూ ఆ గుంటను నింపాయి. అందులోకి వచ్చే నది లేదు. అందులోనుంచి పోయే నదీ లేదు.

ఈ సరస్సు లోతు 1,943 అడుగులు. అరవై అడుగుల తాటిచెట్లను ఒకదానిపై ఒకటిగా 32 నిలబెట్టినా పై చెట్టు కొస నీటి పైకి రాదు! అమెరికాలో ఇంత లోతైన సరస్సు మరొకటి లేదు. నదులు లేవు గనుక బురద చేరదు. ఎండలోని ఎరుపు రంగును నీరు పీల్చుకొని, నీలిరంగును వెనక్కు చిమ్ముతుంది. అందుకే ఆ నీరు నీలిమందు కలిపినట్టు కనిపిస్తుంది.

గట్టు మీది నుంచి నీటి దగ్గరకు 700 అడుగులు దిగాలి. బాట పొడవు మైలు పైచిలుకు. (ఈ బాటను 2026 నుంచి కొన్నేళ్లపాటు మరమ్మతుకోసం మూసివేయాలని పార్కువారు నిర్ణయించారు.) కింద పడవల రేవు పక్కన ఒక బండ ఉన్నది. దానిమీది నుంచి పిల్లలూ పెద్దలూ నీటిలోకి దూకుతున్నారు. పదిహేనేళ్ల మా మనుమడు అది చూశాడు.

"తాతయ్యా, నేనూ దూకుతాను!" అన్నాడు.

నాకు వెంటనే మాట రాలేదు. వద్దంటే నేను లేనప్పుడు దూకుతాడు. సరే అంటే నా గుండె ఆగదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని బావి కథ చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు. తరవాత, "అయితే ఏం చూసుకోవాలో చెప్పండి, తాతయ్యా," అన్నాడు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి గదా, చెప్పాను.

మొదటిది వేగం. పైనుంచి పడేవాడు మొదటి సెకండులో సుమారు 5 మీటర్లు పడతాడు. అప్పటికి అతని వేగం గంటకు 35 కిలోమీటర్లు. 10 మీటర్ల ఎత్తునుంచి పడితే 50 కిలోమీటర్లు. ఆ వేగంతో పొట్టమీదో, వీపుమీదో పడితే నీరు చెక్కపలకలాగా కొడుతుంది. అందుచేత కాళ్లు దగ్గరగా చేర్చి, చేతులు ఒంటికి ఆనించి, నిటారుగా, పాదాలు ముందుగా పడాలి. తల ముందుగా ఎన్నడూ కూడదు.

రెండవది లోతు. 10 మీటర్ల వేదిక మీది నుంచి దూకే పోటీలలో కొలను లోతు 5 మీటర్లు ఉంచుతారు. అక్కడ అడుగు నున్నగా ఉంటుంది. సరస్సులో రాళ్లుంటాయి. కంటిని నమ్మరాదు. నీటిలోనుంచి వచ్చే వెలుగు వంగుతుంది గనుక, పైనుంచి చూస్తే నాలుగు అడుగుల నీరు మూడు అడుగులే ఉన్నట్టు తోస్తుంది. నడుము లోతే అనుకొని ఈత రానివాడు దిగితే మునుగుతాడు. నిన్నటి లోతు ఇవాళ ఉండకపోవచ్చు. దూకబోయే చోట ముందు ఈదుకుంటూ వెళ్లి చూసి రావాలి. ఎక్కడ ఒడ్డెక్కాలో కూడా అప్పుడే చూసుకోవాలి.

మూడవది చలి. ఆగస్టులో కూడా ఆ సరస్సు పైనీరు 15 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలోనే ఉంటుంది. వెచ్చని ఒళ్లు హఠాత్తుగా చన్నీళ్లలో పడితే, మనకు తెలియకుండానే గబుక్కున ఊపిరి పీల్చుకుంటాం. ఆ క్షణాన నోరు నీటిలో ఉంటే నీరే లోపలికి పోతుంది! గొప్ప ఈతగాళ్లు కూడా ఇలా మునిగిపోతారు. కాబట్టి ముందు మెల్లగా దిగి ఒళ్లు అలవాటు చేసుకోవాలి. ఊపిరి ఎగసిపడితే భయపడి కొట్టుకోక, వెల్లకిలా తేలాలి. ఒకటి రెండు నిముషాలలో సర్దుకుంటుంది.

మా మనుమడు అన్నీ చేశాడు. వాళ్ల నాన్న నీటిలో ఒక పక్కగా కాచుకొని ఉన్నాడు. కింద ఎవరూ లేరని చూసుకొని వాడు దూకాడు. నేను "ఒకటి" అని లెక్కించేలోగా నీటిలో ఉన్నాడు. తల పైకి వచ్చేదాకా నా ఊపిరి ఆడలేదు. పైకి వచ్చి, చెప్పినట్టే వెల్లకిలా తేలి, నవ్వాడు. ఇంకోసారి దూకుతానన్నాడు. కాని పెదవులు నీలమై, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. వాళ్ల నాన్న ఒప్పుకోలేదు.

పన్నెండేళ్ల మనుమరాలు కూడా బండ ఎక్కింది. కాసేపు కిందికి చూసింది. "నేను దూకను," అని దిగి వచ్చేసింది. ఎవరో కుర్రవాళ్లు నవ్వారు. నేను దాని వీపు తట్టాను. పదిమంది చూస్తుండగా వెనక్కు తిరగడానికి కూడా ధైర్యం కావాలి.

బాలలూ! మన ఊళ్లలో రాళ్లు కొట్టి వదిలేసిన క్వారీ గుంతలుంటాయి. వాన నీరు నిండి అవి కూడా అందంగానే కనిపిస్తాయి. లోపల కోసురాళ్లుంటాయి, ఒడ్డెక్కుదామంటే కాలు ఆనదు, కాపలా ఎవరూ ఉండరు. అక్కడ ఎలా దూకాలా అని ఆలోచించకండి. దూకనే వద్దు.

పైకి ఎక్కుతూ ఆయాసం తీర్చుకోవడానికి ఒకచోట కూర్చున్నాను. మనుమడు నా పక్కకు వచ్చి, "తాతయ్యా, తరవాత మీ స్నేహితుడు ఏం చేశాడు?" అని అడిగాడు.

"రోజూ సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి, బడిలో చెప్పిన పాఠం వాడికి చదివి వినిపించేవాణ్ణి. నేను మొదట పాఠం చెప్పింది వాడికే," అన్నాను.

వాడు ఇంకేమీ అడగలేదు. నా చేతిసంచీ తీసుకొని, నా అడుగులో అడుగు వేస్తూ మెల్లగా పైకి ఎక్కాడు.