రంపం చేతికిచ్చే ముందు

సారపాక కాగితం మిల్లులో 1979లో ఉత్పత్తి మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచుదాకా జామాయిల్, సుబాబుల్ తోటలు పరుచుకున్నాయి. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు ముసలి మామిడి తోటలు తీసేసి పామాయిల్ వేసేవాళ్లూ ఉన్నారు. ఈ కోతంతా గొడ్డలి చేతుల్లోంచి పెట్రోలు రంపానికి మారిపోతోంది. యంత్రం వచ్చినంత వేగంగా దాన్ని వాడే పద్ధతి రాలేదన్నదే నా బాధ. శిక్షణ లేని మనిషితో పెద్ద చెట్టు కొట్టించకూడదు, ఆ శిక్షణ ఖర్చు భరించాల్సింది కూలీ కాదు, కర్ర కొనేవాళ్లూ కోయించేవాళ్లూ అని నా వాదన.

చెట్టు ఎటు పడాలో తేల్చేది రంపం పదును కాదు, కోయకుండా వదిలిన చెక్క. వాలు చూసుకుని, పడాల్సిన వైపు మొదట్లో గాటు పెట్టి ముక్క తీసేయాలి. దాని లోతు మొద్దు మందంలో నాలుగో వంతుకు అటూ ఇటూ ఉంటే చాలు. వెనక కోత ఆ గాటు అడుగుకన్నా కాస్త పైన రావాలి, రెండూ కలవకూడదు. మధ్యలో మందంలో పదో వంతు చెక్క మిగలాలి. రెండడుగుల మామిడికైతే అది దాదాపు రెండున్నర అంగుళాలు. తలుపుకు బందు ఎలాగో చెట్టుకు ఆ చెక్క అలాగ: పట్టుకుని, అనుకున్న వైపే వాలుస్తుంది. తొందరపడి దాన్నీ కోసేస్తే చెట్టు ఎటైనా రావచ్చు. బాగా వాలి ఉన్న చెట్టుకు గాటు పెట్టకుండా వెనకనుంచి కోస్తే మొద్దు నిలువునా చీలి కోసేవాడి మీదికే తన్నుతుంది. గొలుసు తిరిగే బార్ కొన పైభాగం కర్రకు తగిలితే రంపం ఎగిరి మొహం మీదికొస్తుంది. ఇవేవీ డబ్బుతో కొనాల్సినవి కావు, నేర్పాల్సినవి.

నేనుంటున్న అమెరికాలో 2022లో పని ప్రమాదాల్లో పోయినవాళ్లు అన్ని వృత్తులూ కలిపితే లక్షమందికి 3.7. అడవిలో చెట్లు కొట్టేవాళ్లలో ఆ లెక్క వంద. పక్క పక్కన కోసేవాళ్ల మధ్య రెండు చెట్ల పొడవు దూరం, ముందే శుభ్రం చేసుకున్న తప్పుకునే దారి, కాళ్లకు రక్షణ తొడుగు, ప్రథమ చికిత్స శిక్షణ ఇక్కడ తప్పనిసరి. ఇన్ని ఉన్నచోటే పరిస్థితి ఇలా ఉంటే, టన్నుకింత అని కూలి తీసుకుని వేగమే తిండి పెట్టేచోట ముప్పు తక్కువని ఎలా నమ్మగలం?

మనవాళ్లకు తరాల అనుభవం ఉందంటారు. నిజమే, చెట్టు వాలు చదవడంలో కోయ కూలీకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కానీ గొడ్డలి దెబ్బకూ దెబ్బకూ మధ్య చెట్టు పెళపెళమనడం వినపడుతుంది, రంపం హోరులో ఆ హెచ్చరిక వినపడదు. కొత్తగూడెం ఎండల్లో ఆ మందపాటి తొడుగులు ఎవరు వేసుకుంటారన్నది ఇంకా గట్టి ప్రశ్న. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాళ్ల ముందువైపు మాత్రమే కప్పే తొడుగులున్నాయి, పొద్దున్నే కోత ముగించుకోవచ్చు. ఎండ కారణంగా తొడుగు మానేసినా, గాటు పెట్టడం, దూరం పాటించడం మానేయడానికి ఎండ కారణం కాదు. ఇవన్నీ విదేశీ షోకులంటే మాత్రం ఒప్పుకోను. అదే కొత్తగూడెంలో సింగరేణి ఉంది. 1966 నాటి నియమాల ప్రకారం శిక్షణ లేకుండా ఎవర్నీ గనిలోకి దించకూడదు. నేల కింద పనిచేసే మనిషికి ఉన్న విలువ నేలమీద చెట్టు కోసే మనిషికి ఎందుకు ఉండకూడదు?

2002 నాటి వాల్టా చట్టం చెట్టు కొట్టాలంటే అనుమతి అడుగుతుంది, కొట్టేది ఎవరని అడగదు. అటవీ అభివృద్ధి సంస్థ, కాగితం మిల్లు, రోడ్డు కాంట్రాక్టర్లు తమ టెండర్లలో రెండు షరతులు చేర్చాలి: శిక్షణ పొందినవాళ్లే రంపం పట్టాలి, రక్షణ సామగ్రి ఖర్చు కాంట్రాక్టు ధరలోనే ఉండాలి. నేర్పే పని వైరా కృషి విజ్ఞాన కేంద్రం లాంటి చోట మొదలుపెట్టొచ్చు. ఊళ్లో తోట కోయించబోతున్న మిత్రులారా, బేరమాడే ముందు మేస్త్రీని ఒక్క మాట అడగండి: రంపం పట్టేవాడికి ఎవరు నేర్పారు?