ఉప్పుగాలిలో మైకు

అండమాన్ నికోబార్ దీవులలో మనుషుల గొంతులను రికార్డు చేయదలచినవారు మైకు నాణ్యత కంటే ముందు అక్కడి గాలిని గురించి ఆలోచించవలసి ఉంటుంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఆ నేలమీద గాలిలో తేమ ఏ కాలంలోనూ పూర్తిగా తగ్గదు, సముద్రం ఎటు చూసినా చేరువలోనే ఉన్నందున ఆ తేమకు ఉప్పు కూడా తోడవుతుంది.

స్టూడియోలలో మన్నన పొందిన కండెన్సర్ మైకుకు ఈ గాలి గిట్టదు. అందులో విద్యుదావేశంతో అతి దగ్గరగా ఉండే రెండు పలకలలో పలుచనిది శబ్దానికి కదిలినప్పుడు వాటి మధ్య ఎడం మారి, ఆ మార్పే విద్యుత్ సంకేతమవుతుంది. తేమ చేరితే ఆవేశం కారిపోయి మాటల నడుమ చిటపటలు మొదలవుతాయి. పైగా దానికి సాధారణంగా 48 వోల్టుల విద్యుత్తును రికార్డరే వైరు గుండా అందించాలి కనుక బ్యాటరీ త్వరగా అయిపోతుంది. డైనమిక్ మైకులో పొరకు అతికించిన తీగచుట్ట అయస్కాంతం నడుమ కదిలి తానే విద్యుత్తును పుట్టిస్తుంది కాబట్టి ఈ రెండు బాధలూ లేవు. 1966లో షూర్ సంస్థ తెచ్చిన ఎస్ఎం58 ఈ జాతిదే. దాని జాలీ సొట్టబోతే విప్పి వేరొకటి బిగించుకోవచ్చు, లోపలి స్పాంజిని కడిగి ఆరబెట్టుకోవచ్చు. ఒప్పుకోవలసిన లోపం ఒకటే: దాని సంకేతం బలహీనం. నోటికి జానెడు దూరం దాటితే రికార్డరులో గెయిన్ పెంచక తప్పదు, పెంచితే గొంతుతోపాటు బుస కూడా పెరుగుతుంది.

1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ రూపొందించిన ఎలక్ట్రెట్ మైకు మధ్యేమార్గం. ఆవేశాన్ని శాశ్వతంగా నిలుపుకొనే పొర ఉండడం వల్ల అది చౌకగా, చిన్నదిగా తయారై, కాలరుకు తగిలించే రూపంలో కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నది. తేమకు అదీ అతీతం కాదు గాని, పాడైతే మార్చుకోవడం భారం కాదు.

ఇంత తర్కించడానికి కారణం ఆ దీవుల చరిత్రలోనే ఉన్నది. భాషావేత్త అన్వితా అబ్బి గ్రేట్ అండమానీస్ భాషలను నమోదు చేస్తున్న కాలంలో, బో భాషను మాట్లాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ తన భాషలో బదులిచ్చేవారు లేక పక్షులతో మాట్లాడేది. 2010 జనవరి 26న ఆమె కన్నుమూసింది. 2020 ఏప్రిల్‌లో చివరి వక్త లిచో మరణంతో సారే భాషకూ అదే గతి పట్టింది. అటువంటి గొంతును అలల హోరులోనో, జనరేటర్ మోతలోనో పోగొట్టుకుంటే మళ్లీ రికార్డు చేసే అవకాశం ఉండదు.

ఆ దీవుల ఆదివాసీ తెగలవారుండే రక్షిత ప్రాంతాలలోకి 1956 నాటి నిబంధనల ప్రకారం అనుమతి లేనిదే బయటివారు వెళ్లరాదు కనుక, దూరం నుంచి రికార్డు చేయడం అక్కడ సౌకర్యం మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు అదే దారి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం), కార్ నికోబార్ వంటి చోట్లకు వేగవంతమైన ఇంటర్నెట్ అందింది. అయితే ఫోన్ కాల్‌నే రికార్డుగా దాచుకోవడం పొరపాటు. చప్పుడును అణచే సాఫ్ట్‌వేర్ ఒత్తక్షరాల ఊపిరిని కూడా చప్పుడుగానే లెక్కించి కోసివేయగలదు. కాల్ వినడానికి, ప్రశ్నించడానికి మాత్రమే. అసలు ధ్వని, కుదించని వేవ్ ఫైలుగా, మాట్లాడేవారి దగ్గరే నమోదై తరువాత రావాలి. శ్రీకాకుళం తీరం నుంచి అక్కడికి వలసవెళ్లిన మత్స్యకార కుటుంబాల పెద్దల తెలుగును భద్రపరచదలచినా పద్ధతి ఇదే.

మైకు కంటే ముందు పాడయ్యేది తరచుగా వైరే, దాని కొనలు ఉప్పుకు పచ్చబడతాయి. అందువల్ల ఉన్న డబ్బంతా ఖరీదైన ఒక్క కండెన్సర్‌పై పెట్టడం కంటే, మోస్తరు ధర డైనమిక్ మైకు, రెండు వైర్లు, గాలిని ఆపే బొచ్చు తొడుగు, సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బా కొనడం మేలు. రంగు మారే రకం జెల్ అయితే తేమ పీల్చుకున్నదీ లేనిదీ చూడగానే తెలుస్తుంది, వేడిచేసి తిరిగి వాడుకోవచ్చు.