మొగుడూ పెళ్లామే

ఇవాళ ఊర్లో బావ వాళ్లింట్లో కూర్చున్నా. అక్క ఫోన్‌లో అలారం మోగింది. మాట ఆపకుండానే బావను పక్కకు తిప్పి, వీపూ మడమలూ చూసింది.

తాటిచెట్టు మీంచి పడి బావకు వెన్నుపాము దెబ్బతిన్నది. నడుము కింద స్పర్శ లేదు. ఒకే వైపు పడుకుంటే పుండు పడినా తెలియదు. అందుకే రాత్రుళ్లు కూడా రెండు గంటలకోసారి తిప్పాలి.

"మూత్రం గొట్టం ఇప్పుడు నేనే పెట్టుకుంటున్న. ఆమె నా పెండ్లాం, నర్సు గాదు గదా" అన్నాడు బావ.
"బియ్యం ఏరుడు గూడ నేర్చుకొమ్మన్న" అంది అక్క. ఇద్దరూ నవ్వారు.

బావ అన్న ఆ మాటే మనసులో తిరుగుతోంది.

మనం ఆమెను దేవత అంటాం. అతన్ని అయ్యో పాపం అంటాం. ఆ రెండు మాటల మధ్య ఆలుమగలు కనిపించకుండా పోతారు. వాళ్లకు పోట్లాటలున్నాయి, సరసాలున్నాయి, బిడ్డ ఫీజు లెక్కలున్నాయి.

వాకిట్లో ర్యాంపు కావాలి. అక్కకు ఒక్క రాత్రైనా నిండా నిద్ర కావాలి.

తెలంగాణలో 2024లో గీత కార్మికులకు, చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలైంది. చెట్టెక్కే ప్రతి అన్నకూ అవి అందాలి, ప్రతి అన్నా వాడాలి.

మీకు తెలిసిన ఇలాంటి జంటకు ఏ సాయం నిజంగా పనికొచ్చింది? రాయండి, అక్కకు చదివి వినిపిస్తా.