'గో' కథ

ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు మొదటి నెలలోనే ఎదురయ్యే మాట 'గో'. వెళ్ళు, పో అని అర్థం. రాయటానికి ఇంగ్లీషులో రెండే అక్షరాలు. ఇంత చిన్న మాటలో కష్టమేముంటుంది అనుకుంటారు మీరు. ఉంది. నిన్న వెళ్ళాను అని చెప్పవలసి వచ్చినప్పుడు ఆ కష్టం బయటపడుతుంది.

మా వీధిలో మూడో తరగతి చదివే కుర్రాడొకడున్నాడు. 'వాక్'కు 'వాక్డ్', 'ప్లే'కు 'ప్లేడ్' అని బళ్ళో చెప్పారు. వాడు దాన్ని చక్కగా ఒంటబట్టించుకుని, 'గో'కు 'గోడ్' అని రాశాడు. పలక మీద ఎర్రగీత పడింది. పక్కన కూర్చున్న పిల్లలు, "గోడ ఎక్కడరా? గోడ ఎక్కావా?" అని సాయంకాలం దాకా ఏడిపించారట. వాడు మర్నాడు ఇంగ్లీషు చదవనని భీష్మించుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. వాడికి నేను చెప్పిన కథే మీకూ చెబుతున్నాను.

నిజానికి వాడి బుర్రలో లోపమేమీ లేదు. ఆ మాటలోనే ఉంది వంకర. సుమారు వెయ్యేళ్ళ కిందట ఇంగ్లండులో 'గో'ను 'గాన్' అనేవారు. దాని భూతకాలం 'ఏయోదె'. ఆ రెండింటికీ అప్పుడే పోలిక లేదు. అదే సమయంలో ఆ దేశంలో 'వెండ్' అని ఇంకొక క్రియ ఉండేది. తిరుగు, మళ్ళు అని దానికి అర్థం. 'సెండ్'కు 'సెంట్', 'బెండ్'కు 'బెంట్' వచ్చినట్టే 'వెండ్'కు 'వెంట్' వచ్చింది. చూశారా, 'వెంట్' తన సొంత ఇంట్లో ఎంత పద్ధతిగా ఉండేదో!

కాలక్రమాన పాత 'ఏయోదె' అరిగిపోయి 'యీడ్' అయింది. 1400లో చనిపోయిన ఛాసర్ అనే కవి 'యీడ్', 'వెంట్' రెండూ వాడాడు. ఆ తరవాత నూరేళ్ళలో 'యీడ్' వెనకబడింది, 'గో'వారింట్లో దాని పీట మీద 'వెంట్' వచ్చి కూర్చున్నది. పాపం, 'వెండ్' తన భూతకాలాన్ని పొరుగువాళ్ళకిచ్చి, తనకు 'వెండెడ్' అని వేరొకటి కుట్టించుకోవలసి వచ్చింది. అరువు సొమ్ము బరువుచేటు అంటారు గాని, 'గో'కు మాత్రం అరువు సొమ్ము అయిదువందల ఏళ్ళుగా ఒంటికి అతికినట్టే ఉన్నది.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఇంగ్లండుకు ఉత్తరాన స్కాట్లండు ఉన్నది గదా. అక్కడి జనం తమ భాషలో 'గో'ను 'గే' అంటారు. వెళ్ళాను అనటానికి 'గేడ్' అంటారు! వాళ్ళ గొప్ప కవి రాబర్ట్ బర్న్స్ కూడా ఆ మాట రాశాడు. మా వీధి కుర్రాడు ఎక్కడా వినకుండానే, తన లెక్క ప్రకారం తాను, స్కాట్లండువాళ్ళు వేసిన బాటలోనే నడిచాడన్న మాట. ఈ మాట చెప్పగానే వాడు అరుగు దిగి, "అయితే నేను రాసింది రైటేనా?" అన్నాడు. పరీక్షలో 'వెంట్' అనే రాయాలిరా, కాని నవ్వినవాళ్ళకు స్కాట్లండు సంగతి చెప్పు అన్నాను.

మరి ఈ వంకర ఇన్నాళ్ళు ఎలా నిలిచింది? ఎక్కువగా వాడటం మూలాన. అరుదుగా వాడే మాటలను జనం మరిచిపోయి, మామూలు పద్ధతిలోకి తెచ్చేస్తారు. 'హెల్ప్'కు ఒకప్పుడు 'హోల్ప్' అనేవారు; అది పోయి 'హెల్ప్‌డ్' వచ్చింది. 'గో' అలా కాదు. ప్రతి పిల్లవాడూ మాటలు నేర్చిన నాటినుంచీ పూటకు పదిసార్లు వింటాడు. అందుచేత మార్చటానికి సందు దొరకదు. ఫ్రెంచివాళ్ళ అవస్థ ఇంకా ఎక్కువ. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న మన యానాంలో ఆ భాష చదివిన పెద్దలెవరైనా దొరికితే అడగండి: వాళ్ళ వెళ్ళే క్రియలో మూడు వేరువేరు క్రియల ముక్కలున్నాయి.

నవ్వేముందు మన సంగతి చూసుకోవద్దూ? "రా" అంటాం. వచ్చినవాణ్ణి "వచ్చాడు" అంటాం. రాకపోతే "రాలేదు" అంటాం. 'రా'కూ 'వచ్చు'కూ పైకి ఒక్క అక్షరం కలుస్తుందేమో చెప్పండి! కొత్తగా తెలుగు నేర్చుకునేవాడు "వచ్చలేదు" అన్నాడంటే, వాడూ మన కుర్రాడిలాగే లెక్క తప్పకుండా మాట్లాడుతున్నాడన్న మాట.

ఇక అర్థాలు. కాళ్ళతో పోవటం ఒక్కటే 'గో' అనుకోకండి. ఇంగ్లీషులో రోడ్డు 'గో' అవుతుంది, మనకూ "ఈ దారి ఎక్కడికి పోతుంది?" అనటం ఉన్నది. దారి ఉన్నచోటే ఉంటుంది, పోయేది మనం! పండు చెడితే అది 'గో బ్యాడ్' అంటారు. మనమేమంటాం? "చెడిపోయింది." అందులోనూ 'పో' ఉన్నది. ఎండిపోయింది, విరిగిపోయింది, మరిచిపోయాను, అన్నిటా అదే 'పో'. ఈ పోవటంలో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. పని పూర్తిగా జరిగింది, ఇక వెనక్కు రాదు అని చెప్పటమే దాని పని.

నాకు అన్నిటికన్న వింతగా తోచేది మరొకటి. మబ్బు పట్టినప్పుడు ఇంగ్లీషువాళ్ళు "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్" అంటారు. 'గోయింగ్' ఎందుకు? వాన ఎక్కడికి వెళుతోంది? మొదట ఎవరో "చేప పట్టటానికి వెళుతున్నాను" అని ఉంటారు. వెళ్ళే మనిషి ఇంకా చేప పట్టలేదు, ఇకముందు పడతాడు. అలా వింటూ వింటూ, సుమారు నాలుగైదు వందల ఏళ్ళ కిందట, వెళ్ళటమనే అర్థం జారిపోయి 'ఇకముందు' అనే అర్థం మిగిలింది. ఇది వాళ్ళ చమత్కారమే అనుకుంటే పొరపాటు. "వాన రాబోతోంది" అనే మన మాటను విడదీయండి: రా, పోతోంది. 'పో'లోని 'ప' కాస్తా 'బ' అయింది, అంతే. వాన వస్తుందని చెప్పటానికి మనం వచ్చే క్రియనూ పోయే క్రియనూ పక్కపక్కన పెట్టాం! "పడబోయాడు", "తినబోతున్నాను" అన్నీ ఇటువంటివే. సముద్రాల అవతల ఒకరు, ఇవతల ఒకరు, ఒకరినొకరు చూడకుండానే కాలి నడకనుంచి కాలాన్ని తయారు చేసుకున్నారు.

'గో'కు పర్యాయపదాలు కావలిస్తే నిఘంటువు 'లీవ్', 'డిపార్ట్' వంటివి ఇస్తుంది. నా ఉద్దేశంలో ఏ రెండు మాటలూ అచ్చంగా ఒకటి కావు. 'లీవ్' అంటే మొదట విడిచిపెట్టు అని. వెనక మిగిలిన దానిమీద దాని చూపు. 'డిపార్ట్' అంటే మొదట పంచు, వేరుచేయు అని. అందులో విడిపోవటం ఉన్నది. 'గో' ఈ బాధలేమీ ఎరగదు, కాలు కదిపితే చాలు.

తెలుగులో 'వెళ్ళు', 'పోవు' కూడా అలాగే తూకం వేసి వాడవలసినవి. "ఆయన పోయాడు" అంటే కొన్ని ఇళ్ళలో గుండె ఆగినంత పని అవుతుంది. అందుకే కోస్తాలో పెద్దవాళ్ళు, గడప దాటే పిల్లలను "వెళ్తాను అనకు, వెళ్ళొస్తాను అను" అని దిద్దుతారు. తెలంగాణాలో "పోతున్న" అంటారు, సెలవు తీసుకునేటప్పుడు "పోయొస్త" అంటారు. అందులో అశుభమూ లేదు, మోటుతనమూ లేదు. పోయి మళ్ళీ వస్తాననే మాట రెండింటిలోనూ ఉన్నది గదా! ఆ మాట అన్న పిల్లను చూసి పట్నం బళ్ళో ఎవరైనా నవ్వితే, వాళ్ళు 'గోడ్' అన్నందుకు నవ్వినవాళ్ళకు తోబుట్టువులే.

సంస్కృతంలోని 'గమ్' ధాతువూ 'గో'యూ చుట్టాలేమో అని మీకు తోచవచ్చు. అర్థం ఒకటే, మొదటి అక్షరం ఒకటే. కాని కావు! 'గమ్'కు ఇంగ్లీషులో చుట్టం 'కమ్', అంటే రా. సంస్కృతంలో 'గ' ఉన్న కొన్ని మాటలకు ఇంగ్లీషులో 'క' వస్తుంది. గోవుకు 'కౌ' వచ్చినట్టు. నాటకశాల తలుపు మీద 'ఎగ్జిట్' అని రాసి ఉంటుంది చూడండి. లాటిన్‌లో దానికి 'బయటికి వెళతాడు' అని అర్థం. అందులోని వెళ్ళే ధాతువూ, మన ఉత్తరాయణంలోని 'అయనం' అనే మాట ధాతువూ ఒకటే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒక మూలంనుంచి పుట్టి ఉండాలని కలకత్తాలో జడ్జిగా ఉన్న సర్ విలియం జోన్సు 1786లో చెప్పాడు.

మన 'పో' ఆ కుటుంబంలోది కాదు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్, క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో చూపించాడు. తమిళంలోనూ మలయాళంలోనూ 'పో' అనే అంటారు. కన్నడంలో మాత్రం 'హోగు'. అక్కడ పాత 'ప' చాలాచోట్ల 'హ' అయింది: మన పాలు వాళ్ళకు 'హాలు', మన పులి వాళ్ళకు 'హులి'. మరి మన పండు వాళ్ళకు ఏమవుతుందో, కన్నడం వచ్చినవారిని అడిగేలోపల మీరే ఊహించి చూడండి.